చిరునామా గడి

సెప్టెంబరు రెండో వారం.
గ్రోనింగెన్‌లో వాన పైనుంచి పడదు,
గాలి ఎటు చెబితే అటునుంచి వస్తుంది.
నా గది తలుపు మీద రాసి ఉంటుంది: వసతి, సహాయం.
వసతి లేదు.
సహాయం అంటే నేనూ, రెండు కుర్చీలూ,
ఒక కాగితపు రుమాళ్ల పెట్టె.

తొమ్మిది కొట్టకముందే వరండా నిండిపోతుంది.
తడిసిన సూట్‌కేసుల చక్రాలు
నేల మీద గీసిన గీతలన్నీ
నా తలుపు దగ్గరికొచ్చి ఆగుతాయి.

ఒయూంగెరెల్ ఉలాన్‌బాతర్ పిల్ల.
మా దగ్గర చదవొచ్చింది
సముద్రాన్ని ఊళ్లోకి రానివ్వకుండా ఎలా ఆపాలో.
పదహారు రోజులుగా ఆటస్థలం అంచున డేరాలో పడుకుంటోంది.
"మీవాళ్లకి గుడారాలు అలవాటేగా"
అన్నాడట కాపలా మనిషి, మంచి మనసుతోనే.
"నేను పుట్టింది తొమ్మిదో అంతస్తులో" అంది నాతో,
"లిఫ్టు చెడిపోతే ఏడ్చేదాన్ని."
చెబుతూ చెబుతూ సాక్సు పిండుకుంది.

గది ఇవ్వాలంటే బ్యాంకు ఖాతా ఉండాలి.
ఖాతా తెరవాలంటే పౌర సంఖ్య ఉండాలి.
సంఖ్య రావాలంటే చిరునామా ఉండాలి.
చిరునామా ఉండాలంటే గది.
పదకొండేళ్లుగా ఈ గానుగ చుట్టూ
పిల్లల్ని నడిపిస్తున్నది నేనే.
నూనె ఎవరికి దిగుతోందో మాత్రం తెలీదు.

ఇళ్లవాళ్లకి ఫోన్ చేస్తాను.
విదేశీ పిల్లలా, వద్దమ్మా.
డచ్చి రాదుగా, వద్దమ్మా.
ఒకావిడ గొంతు తగ్గించి అడిగింది:
"వాళ్ల వంటలు వాసనొస్తాయా?"
మీ బఠాణీ చారు వీధి మలుపు దాకా తెలుస్తుంది
అనలేదు.
"మళ్లీ చేస్తానండీ" అన్నాను,
నా ఉద్యోగం గొంతుతో.

క్వాబెనా గది అడగలేదు.
"అది తర్వాత. ముందు ఫ్రిజ్జులో ఒక అర కావాలి"
అని ఇన్సులిన్ సీసాల సంచి బల్ల మీద పెట్టాడు,
నిద్రపోతున్న పసివాణ్ణి దించినట్టు.
మా సిబ్బంది ఫ్రిజ్జులో జున్నుముక్కలు జరిపి చోటు చేశాను.
ఆ చోటు మీద చీటీ అంటించాను: కదిలించవద్దు.
ఆ ఏడాది నేను ఇప్పించిన మొదటి వసతి అదే.

ఇక ఆ గురువారం సంగతి.
దరఖాస్తులో చిరునామా గడి దగ్గర
ఒయూంగెరెల్ పెన్ను ఆగిపోయింది.
పెన్ను మొన కింద సిరాచుక్క
మెల్లగా పెద్దదవుతోంది.
కాగితం నా వైపు తిప్పుకుని
మా ఇంటి నంబరు రాసేశాను.
నియమం ఒప్పదని నాకు తెలుసు.
ఆ నియమాన్ని చిత్తుప్రతిలో టైపు చేసింది కూడా నేనే.

తర్వాత క్వాబెనా. తర్వాత ఎఫ్రెన్.
తర్వాత ఎవరెవరో, లెక్క మరిచాను.
పోస్ట్‌మన్ వుబ్బో సైకిలు ఆపి అడిగాడు,
"హిల్త్యే, మీ ఇల్లు గాని పెరిగిందా?"
పెరగలేదు. నలభై రెండు చదరపు మీటర్లు,
ఒక పిల్లి, ఒకే మంచం.
నవ్వి, పైన ఉన్న కవరు చూపించాడు:
"ఈ పేరు ఎలా పలకాలి?"
చెప్పాను. రెండుసార్లు తప్పాడు.
మూడోసారి పలుకుతూ వంతెన దాటి వెళ్లాడు.

పిల్లలు సాయంత్రాలు వచ్చి
మెట్ల మీదే కూర్చుని ఉత్తరాలు చించుకుంటారు.
లోపలికి రమ్మంటే బూట్లు తడిగా ఉన్నాయంటారు.
అందుకని ఫ్లాస్కు నేనే మెట్ల మీదికి తెచ్చుకుంటాను.

మునిసిపాలిటీ నుంచి నాకూ ఒకటొచ్చింది:
"ఒక్క మంచమున్న ఇంట్లో తొమ్మిదిమంది
ఎలా నివసిస్తున్నారో మూడు వారాల్లో వివరించగలరు."
కింద ఖాళీ గడి ఉంది. అగ్గిపెట్టెంత.

నవంబరులో ఒయూంగెరెల్‌కి గది దొరికింది.
కాలవ పక్క, మూడో అంతస్తు, లిఫ్టు లేదు.
డేరా తీసినచోట గడ్డి పాలిపోయి
మనిషి పొడవున ఒక నలుచదరం మిగిలింది.
మధ్యాహ్నాలు సైకిలు ఆ పక్కనుంచే పోనిస్తున్నాను,
అక్కడ పచ్చబడిందేమో చూద్దామని.
ఇంకా లేదు.
ఆ ఉత్తరం నా కోటు జేబులోనే ఉంది.
గడువు ఎల్లుండి.